నిరంకుశుడి మీదికి సైన్యమా, సంప్రదింపులా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజనీరుని. చరిత్ర గురించి మాట్లాడటానికి నాకున్న అర్హతల్లా ఈ బడిలో సోషల్ మాస్టారి ముందు కూర్చుని విన్న పాఠాలే. ఈ విషయం ఎంచుకోవడానికి కారణం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు. ప్రపంచంలో ఎక్కడ యుద్ధం వచ్చినా అందులో రెండు పక్షాలు తయారవుతాయి. "అలాంటి నియంతను బాంబులేసి దించాల్సిందే" అని ఒకరు, "యుద్ధంతో ఎవరు బాగుపడ్డారు" అని ఇంకొకరు. ఆ వాదనలో నలభై ఏళ్ల స్నేహితులిద్దరు మాటలు మానేశారు. ఇద్దరూ ఈ సభలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

ఈ ప్రశ్న కోసం బాగ్దాదు దాకా వెళ్లనక్కర్లేదు. పల్నాడు దగ్గర కృష్ణ దాటితే చాలు. 1948 సెప్టెంబరు దాకా ఆ ఒడ్డున ఉన్నది నిజాం రాజ్యం. భాష మనదే, చుట్టాలు మనవాళ్లే, ప్రభుత్వం మాత్రం పరాయిది.

1947లో మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు నిజాం ఏ దేశంలోనూ చేరనన్నాడు. మన ప్రభుత్వం వెంటనే సైన్యాన్ని పంపలేదు. 1947 నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం చేసుకుంది. కె.ఎం. మున్షీని ఏజెంట్ జనరల్‌గా హైదరాబాదు పంపింది. మౌంట్‌బాటెన్ 1948 జూన్‌లో దేశం విడిచి వెళ్లేదాకా రాజీ కోసం ప్రయత్నించాడు. చివరి ముసాయిదాను కూడా నిజాం ఒప్పుకోలేదు.

సంప్రదింపులే మేలనే మిత్రుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ నెలల్లో చర్చలు సాగాయి, వాటితోపాటు కాశిం రజ్వీ రజాకార్లూ పెరిగారు. ఊళ్లు తగలబడ్డాయి. జనం సరిహద్దు దాటి కృష్ణా జిల్లాలోకి వచ్చారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో ఊచకోత జరిగింది. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను అదే నెలలో నడివీధిలో చంపి, రాసిన చెయ్యి నరికేశారు. ఆగడానికి కూడా ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు చెల్లించేది చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కాదు.

సెప్టెంబరు 13న సైన్యం కదిలింది. ఒక దళం మన విజయవాడ వైపు నుంచే వెళ్లింది. 17వ తేదీ సాయంత్రానికి నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. అయిదు రోజుల్లో పని అయిపోయింది. సైన్యం కావాలనే మిత్రుడు ఇక్కడితో పుస్తకం మూసేస్తాడు. మనం ఇంకో పేజీ తిప్పాలి.

ఆ తరువాత వారాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, ముస్లింల మీద ప్రతీకారం జరిగింది. కేంద్రమే పంపిన సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. వాళ్లలో ఎంతమందికి రజాకార్లతో సంబంధం ఉంది? షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమే కదా! తెలంగాణ పల్లెల్లో రైతాంగ పోరాటం మీద సైనిక చర్య 1951 దాకా సాగింది. నిజాం మాత్రం 1950లో రాజప్రముఖ్ అయ్యాడు.

మరి సైన్యాన్ని పంపడం తప్పా? కాదనే నా అభిప్రాయం. ఎందుకంటే, మొదటిది, చర్చలు నిజంగా జరిగాయి. రెండోది, మార్పు కోరింది లోపలి జనమే. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం చేసింది, పల్లెల్లో రైతులు తిరగబడ్డారు. ఎదిరించే హక్కు మొదట ఆ నేల మీది వాళ్లది. పెదనందిపాడులో పన్నులు కట్టమన్నది మన రైతులే, 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చింది మనవాళ్లే. రణరంగ చౌక్ స్తూపాలు ఆ మాటే చెబుతాయి. ఇక మూడోది, నిరంకుశుడు దిగిపోయిన మర్నాడు వీధిలో బలహీనుణ్ణి ఎవరు కాపాడతారు? మనం తప్పింది ఈ మూడో ప్రశ్న దగ్గరే.

2003లో ఇరాక్‌ను ఈ ప్రశ్నలతోనే చూడండి. యుద్ధానికి కారణంగా చూపిన మారణాయుధాలు దొరకలేదు. తనిఖీలు పూర్తికాకుండానే బాంబులు పడ్డాయి. సద్దాం పోయిన మర్నాటి గురించి ఆలోచన లేదు. సైన్యం పంపమని అమెరికా అడిగితే వాజ్‌పేయి ప్రభుత్వం పంపలేదు. అది పిరికితనం కాదు, వివేకం.

1990లో అదే సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన విదేశాంగ మంత్రి గుజ్రాల్ బాగ్దాదు వెళ్లి అతన్ని కలిశారు. నియంతను ఆలింగనం చేసుకున్నారని విమర్శలొచ్చాయి. కానీ ఆ సంప్రదింపుల వల్లే లక్షకు పైగా మనవాళ్లు అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరారు. మా క్లాస్‌మేట్ వాళ్ల అన్నయ్య అలా రేపల్లె స్టేషనులో దిగిన రోజు వాళ్లమ్మ ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. కువైట్‌ను విడిపించింది 1991లో సైన్యమే, నిజమే. మనవాళ్లను అంతకుముందే విడిపించింది మాత్రం మాట.

ఈ సభలో ఉన్నవాళ్లలో ఎంతోమంది పిల్లలు గల్ఫ్ దేశాల్లో ఉన్నారు. యుద్ధాన్ని టీవీలో క్రికెట్ మ్యాచ్‌లా చూసే వెసులుబాటు మనకు లేదు.

అందుకే మా మిత్రులిద్దరికీ చెరొక మాట. సంప్రదింపులు కావాలనే నువ్వు, ఎన్నాళ్లో గడువు చెప్పు. ఈలోగా చచ్చేవాళ్లకు ఏం జవాబిస్తావో చెప్పు. సైన్యం కావాలనే నువ్వు, ఆరో రోజు ఏం చేస్తావో చెప్పు. ఆ రెండూ మాట్లాడుకోవడానికి ముందు మీరిద్దరూ మాట్లాడుకోవాలి. భోజనాల దగ్గర ఒకే బంతిలో కూర్చోండి, మిగతాది మేం చూసుకుంటాం.