గానుగెద్దు, గొఱ్ఱెల మంద, ఆంగ్ల బహువచనము



నూర్పిడి యంత్రములు రాకపూర్వము కళ్ళమునకు బోయినవారికి ఒక దృశ్యము సుపరిచితము. నడుమ నొక గుంజ. దానికి వరుసగా గట్టిన ఎడ్లు. పరచిన పనలను త్రొక్కుచు అవి గుండ్రముగా తిరుగుచుండెడివి. గుంజ చెంతనున్న ఎద్దు అడుగులో అడుగు వేసికొనుచు నెమ్మదిగా తిరుగును. వెలుపలి కొననున్న ఎద్దు అంతకాలములోనే పెద్ద చుట్టు చుట్టవలయును గనుక వడివడిగా నడువవలసి వచ్చును. తెలిసిన రైతు ముసలి యెద్దును లోపలను, పడుచు కోడెను వెలుపలను కట్టుట యిందుకొఱకే.

ఆ గుంజకు సంస్కృతమున ‘మేధి’ యని పేరు. అమరసింహుడు వైశ్యవర్గమున దీనికి చోటిచ్చినాడు. భాగవత పంచమస్కంధమున జ్యోతిర్గణములు ధ్రువుని చుట్టు తిరుగు తీరును చెప్పవలసి వచ్చినపుడు ఈ గుంజయు, దానిని చుట్టివచ్చు పశువులును ఉపమానములైనవి. ఆకాశమును వర్ణింపబూనిన పౌరాణికుడు రాజసభను వెదకక రైతు కళ్ళమునకు వచ్చినాడు!

గానుగెద్దు మాట వేఱు. కన్నులకు గంతలు గట్టగా అది దినమెల్ల నడచియు సాయంకాలమునకు బయలుదేరిన చోటనే యుండును. ఏండ్ల తరబడి లెక్కలు వ్రాయువారిని ఈ యెద్దుతో పోల్చి నవ్వుట లోకమున కలదు. ఆ యెద్దు తిరుగనినాడు ఊరిలో దీపము వెలుగలేదన్న సంగతి నవ్వువారికి తోచదు. అది యటుండనిండు.

ఎడ్లను తిప్పువాడు మనుష్యుడు. తమంతట తామే వలయముగా తిరుగు ప్రాణులును కలవు. ఫ్రాన్సు దేశపు కీటకశాస్త్రజ్ఞుడు ఫాబరు దేవదారు జాతి చెట్లపై బ్రతుకు ఒక విధమైన గొంగళిపురుగులను పరిశీలించినాడు. ఇవి ఒకదాని వెనుక నొకటి బారుగా నడచును. నడచుచు పట్టుదారమును విడుచును. వెనుకది ఆ దారమును బట్టి సాగును. ఒకప్పుడవి పెద్ద పూలకుండీ అంచు మీది కెక్కినవి. అంచు నిండగనే, పైకి వచ్చుచున్న మిగిలినవానిని తొలగించి, అవి యెక్కివచ్చిన దారమును గూడ ఫాబరు తుడిచివేసినాడు. ఇక బారునకు మొదలు లేదు, తుద లేదు. ముందున్నదే నాయకుడని ప్రతి పురుగును నమ్మినది. ఏడు దినములు అవి ఆ యంచుమీదనే తిరిగినవి.

దక్షిణ అమెరికా అడవులలోని దండుచీమలకు చూపు మిక్కిలి తక్కువ. ముందుపోయిన చీమ విడిచిన వాసనయే వానికి బాట. దండులో కొంత భాగము విడివడి, తన వాసనబాటను తానే మరల కలిసికొన్నచో వలయ మేర్పడును. అమెరికా ప్రకృతి శాస్త్రజ్ఞుడు విలియం బీబే నేడు గయానా యని పిలువబడు దేశమున ఇట్టి వలయమును చూచి, 1921లో ప్రకటించిన గ్రంథమున వర్ణించినాడు. దాని చుట్టుకొలత 1,200 అడుగులు. ఒక్కొక్క చీమ ఒక్క ప్రదక్షిణము చేయుటకు రెండున్నర గంటలు పట్టినది. ఆ చీమలలో పెక్కు తిరిగి తిరిగి అలసి చచ్చినవి. వీనిని మూర్ఖములనుట న్యాయము కాదు. ముందుదానిని అనుసరింపుమను ఈ ధర్మమే తక్కిన దినములన్నిట వానిని మేతకు చేర్చి, ఇంటికి తెచ్చి, బ్రతికించుచున్నది.

ఉత్తర ధ్రువప్రాంతమున రెయిన్‌డీరు అను దుప్పులు మందలుగా నుండును. భయము కలిగినపుడు ఈ మంద సుడిగాలివలె గిఱ్ఱున తిరుగును. పిల్లలు సాధారణముగా నడుమ నుండును; బలిసినవి చుట్టును పరుగిడును. తోడేలునకుగాని వేటగానికిగాని ఒక్కదానిమీద చూపు నిలుపుట కష్టము. చీమలకు చావు తెచ్చిన వలయము ఈ దుప్పులకు కోట యగుచున్నది.

గొఱ్ఱెల మాటకు వచ్చినచో కొంచెము నిలిచి చెప్పవలయును, ఇది మన మందలకును సంబంధించినది గనుక. 2022 నవంబరులో చైనాలోని అంతర మంగోలియాలో ఒక దొడ్డి గొఱ్ఱెలు 12 దినములు వలయముగా తిరిగినవని వార్తలు వెలువడగా లోకము వింతపడినది. ఒకటి రెండు గొఱ్ఱెలు తల యొకవైపునకు వంచి ఆ వైపునకే తిరుగుట కాపరులకు క్రొత్త కాదు. గాలి సోకినదని తాయెత్తు గట్టుటయు కలదు. దానికి ముఖ్యకారణములు రెండు. ఒకటి, పులియబెట్టి నిలువచేసిన పచ్చిమేత చెడినపుడు అందు పెరుగు లిస్టీరియా యను సూక్ష్మజీవి మెదడునకు సోకుట. రెండవది బద్దెపురుగు. ఈ పురుగు కుక్క ప్రేగులలో నుండును. దాని గ్రుడ్లు మలముతో గడ్డిమీద పడును. ఆ గడ్డిని గొఱ్ఱె మేయును. పిల్లపురుగు మెదడును జేరి నీటితిత్తియై పెరుగును. తిత్తి ఒత్తిడికి గొఱ్ఱె తిరుగుట మొదలిడును. అది చచ్చిన పిదప, లేక కోసిన పిదప, తలను కుక్కకు వేసినచో పురుగు మరల కుక్క ప్రేగులలోనికి పోవును. కుక్క, గడ్డి, గొఱ్ఱె, మరల కుక్క: ఇదియు నొక వలయమే. తెగగొట్టుట మనుష్యుని చేతిలోనిది. అట్టి తలను కాల్చవలయును, లేక లోతుగా పూడ్చవలయును. కాపుకుక్కలకు పశువైద్యుని యడిగి పురుగుమందు వేయింపవలయును. తాయెత్తువలన ప్రయోజనము లేదు.

ఆంగ్లేయ కాపరులు ఈ రెండవ రోగమునకు ‘గిడ్’ అని పేరు పెట్టినారు. తల తిరుగుట యను నర్థముగల ‘గిడ్డీ’ శబ్దమునుండి అది పుట్టినది. ఆ ‘గిడ్డీ’ శబ్దమునకు ప్రాచీనార్థ మేమనగా, దేవత పూనినది! వారి పూర్వులును తల తిరిగినవానిని చూచి మనవలెనే తలంచిరన్నమాట.

ఇట్లు ఆంగ్ల శబ్దముల చెంతకు వచ్చితిమి. ఇంతవరకు చెప్పిన జంతువుల పేర్లను బహువచనమున వ్రాయుమన్నచో విద్యార్థి తల గొఱ్ఱె తలవలెనే తిరుగును. చీమకు ‘ఆంట్’, బహువచనము ‘ఆంట్స్’; ఇది తిన్నగా నున్నది. ఎద్దు ‘ఆక్స్’, ఎడ్లు ‘ఆక్సెన్’. గొఱ్ఱె ఒక్కటియైనను ‘షీప్’, వేయియైనను ‘షీప్’. రెయిన్‌డీరును అంతే. గిఱ్ఱున తిరుగు మందలో ఒకదానిని వేఱుచేసి చూడలేని కంటివలె, వ్యాకరణమును ఇచట ఒకటికిని వేయికిని భేదము చూపదు. ఇది కాకతాళీయమే, అయినను ముచ్చటగానున్నది.

కారణము భాషాచరిత్రలో నున్నది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించుటకు పూర్వము ఆంగ్లమున సంస్కృతమునందువలె మూడు లింగములును, విభక్తులును, పలు విధములైన బహువచన ప్రత్యయములును ఉండెడివి. కొన్నిటికి సకారము, కొన్నిటికి నకారము. నపుంసక శబ్దములు కొన్ని ఉకారమును గైకొనెడివి. దీర్ఘముగా పలుకునట్టి వానికి ఆ యుకారము లోపించెడిది. ‘షీప్’ అట్టిది, ‘డీర్’ అట్టిది. ‘డీర్’ అనగా పూర్వము ఏ జంతువైనను సరియే. తరువాత దుప్పికి పరిమితమైనది. సంస్కృత ‘మృగ’ శబ్దము అడవిజంతువులన్నిటికి చెల్లుచుండి, పిదప లేడికి రూఢమైనట్లు. సముద్రముల కీవలావల జనులు ఒకే త్రోవను నడచిరి!

క్రమముగా సకారము ప్రబలినది. ఒకరు పలికిన తీరున మఱియొకరు పలుకగా, ముందువారి వెనుక తరువాతివారు నడువగా, వందల శబ్దములు పాతప్రత్యయములను విడిచి సకారము వెంట పోయినవి. పెద్దలు గతానుగతికన్యాయ మనునది ఇదియే. మఱి పోక నిలిచిన వేవి? ఎద్దు, గొఱ్ఱె, బాతు, ఎలుక, పేను, పాదము, పల్లు, పురుషుడు, స్త్రీ, బిడ్డ. ఇల్లు, దొడ్డి, ఒడలు: ఇంతే. ప్రతిదినమును ప్రతి నోటను నలుగు మాట మరపునకు రాదు; మరపునకు రానిది మాఱదు. కచేరీలలోని పెద్దపెద్ద మాటలన్నియు సకారమునకు తలయొగ్గగా, పల్లెటూరి మాటలు తమ పాతబట్టలతోనే నిలిచినవి. చీమకును ఒకప్పుడు ఎద్దువలె నకారమే యుండెడిది. చీమ దానిని పోగొట్టుకొన్నది. పేను మాత్రము నేటికిని ‘లౌస్’, ‘లైస్’ అని తన పాతరూపమును కాపాడుకొన్నది. తలలో కాపురముండు ప్రాణికి అంత పరపతి!

‘మౌస్’ ‘మైస్’ అగుటయు, ‘ఫుట్’ ‘ఫీట్’ అగుటయు వింతగా తోచును గాని తెలుగువారికి వింత గారాదు. పూర్వము ఆ శబ్దముల చివర ఇకారముగల ప్రత్యయ ముండెడిది. రాబోవు ఇకారమును తలచుకొని నాలుక ముందుగనే లోపలి యచ్చును దానివైపునకు మార్చినది. తరువాత ప్రత్యయము రాలిపోయినది. మారిన యచ్చు నిలిచినది. మన ‘పిల్లి’ బహువచనమున ‘పిల్లులు’ అగుచున్నది. వాడుకలో ‘మనిషి’ అనునపుడు నడుమనున్న ఇకారము ‘మనుషులు’ అనునపుడు ఉకార మగుచున్నది. పనియొకటే, మన ప్రత్యయము రాలిపోలేదు, అంతే భేదము. ఇక ‘ఎద్దు’ ‘ఎడ్లు’ అగుచున్నది. రెండు భాషలలోను ఎద్దే సూత్రమునకు లొంగక మొండికేసినది!

మన భాషలోని చిక్కులు మనకు కానరావు. నీళ్ళు, పాలు, వడ్లు, కందులు మనకు నిత్యబహువచనములు. సంస్కృతమునను జలవాచకమైన ‘ఆపః’ నిత్యబహువచనమే. ఆంగ్లమున నీరు, పాలు, బియ్యము ఏకవచనములు. అందుచే నీళ్ళను గూర్చి వ్రాయు తెలుగు బాలుడు ఆంగ్లక్రియను బహువచనమున నుంచును. గొఱ్ఱెలను ‘షీప్స్’ అని వ్రాయును. పాదములను ‘ఫుట్స్’ అని వ్రాయును. వానికి ఎఱ్ఱసిరా గీతలు, తోడివారి నవ్వులు, కొన్నిచోట్ల బెత్తపు దెబ్బలు. ఆ నవ్వులకు వెఱచి చదువు మానినవారును ఊరూర కలరు.

అయితే ఇంగ్లండున పుట్టి తల్లిపాలతో ఆంగ్లమును నేర్చిన శిశువులును ‘ఫుట్స్’ అనియే, ‘మౌసెస్’ అనియే పలుకుదురు. జీన్ బెర్కో అను అమెరికా విదుషి 1958లో ప్రకటించిన పరిశోధనలో చిన్నపిల్లలకు ఎన్నడును ఎవరును చూడని ఒక బొమ్మజంతువును చూపి, దానికి ‘వగ్’ అని క్రొత్తపేరు పెట్టి, రెండింటిని చూపి ఏమందురని యడిగినది. ‘వగ్స్’ అని పిల్లలు చెప్పిరి. ఆ మాటను వారు ముం దెన్నడును విని యుండలేదు. సూత్రమును తామే కనిపెట్టిరి. ‘షీప్స్’ అని వ్రాసిన మన బాలుడును సూత్రమును పట్టుకొన్నవాడే. వానికి కావలసినది, ఈ పదునైదు ఇరువది శబ్దములు వేఱని చెప్పి, ఎందుకు వేఱో చెప్పు పెద్దదిక్కు. ఆ పట్టిక ఒక్క పుటలో ఇమిడిపోవును; ఈ గ్రంథాలయపు గోడకు అతికించినను చాలును.

ఆ పట్టికలో ‘చైల్డ్’ అను మాటను మఱవరాదు. బిడ్డ యను నర్థముగల ఈ శబ్దమునకు పూర్వము రేఫతో ‘చిల్డర్’ అను బహువచనము సరిగానే యుండెడిది. కాలాంతరమున జనులకు అది బహువచనమువలె తోచలేదు. కావున ఎద్దు ననుసరించి దానికి మరల నకారమును చేర్చి ‘చిల్డ్రన్’ అనిరి. బహువచనముమీద బహువచనము! ‘షీప్స్’ అని వ్రాసిన బాలుని మందలించు ఉపాధ్యాయుడు తరగతిలో అడుగిడగనే పిల్లలను పిలుచునది ఈ మాటతోనే.