ఒక చుట్టు చాలని కణం



చాంపియన్ రీఫ్స్ అనగానే మనకు బంగారం గుర్తుకు వస్తుంది. ఆ గనిలోనే, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ దొరికింది. బొంబాయి టాటా పరిశోధన సంస్థ, ఒసాకా సిటీ, డర్హామ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు దాన్ని కనుగొన్నారు. పైనున్న బండ ఇతర విశ్వకిరణాలను ఆపుతుంది, న్యూట్రినోను ఆపలేదు.

ఎలక్ట్రాన్, న్యూట్రాన్ లాగే న్యూట్రినో కూడా 'అర స్పిన్' కణం. అంటే ఏమిటి?

షాఫ్ట్ మీద కేజ్‌ను దించే చక్రం 360 డిగ్రీలు తిరిగితే మొదటి స్థితికి వస్తుంది. అర స్పిన్ కణం అలా రాదు. ఒక చుట్టు తిరిగితే దాని తరంగ ప్రమేయంలో ప్లస్ గుర్తు మైనస్ అవుతుంది. మళ్ళీ ప్లస్ కావాలంటే రెండో చుట్టు తిరగాలి. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1975లో ఐరోపాలోను, అమెరికాలోను న్యూట్రాన్ల పుంజాన్ని రెండు పాయలు చేసి, ఒకదాన్ని అయస్కాంత క్షేత్రంతో తిప్పి, తిరిగి కలిపి చూశారు. గుర్తు మారడం నిజమేనని తేలింది.

దీనికి పోలిక మీ చేతిలోనే ఉంది. అరచేతిలో నీళ్ళ గ్లాసు నిలబెట్టి, ఒలకకుండా, చంక కిందుగా ఒక చుట్టు తిప్పండి. గ్లాసు మొదటిలాగే ఉంటుంది, చెయ్యి మాత్రం మెలిపడుతుంది. అదే దిశలో, ఈసారి తల మీదుగా, ఇంకో చుట్టు తిప్పండి. మెలిక విడిపోతుంది.

2001లో బంగారు గనులు మూతపడ్డాయి. పిల్లలకు ఈ గ్లాసు ఆట చూపించినప్పుడు, న్యూట్రినో జాడ దొరికింది మన గనిలోనే అని కూడా చెప్పండి.