పాత వడ్రంగి యంత్రములకు పునర్జీవము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, సంఘసేవను గూర్చియో ప్రసంగించుట వాడుక. అట్టి సభలో వడ్రంగి యంత్రములను గూర్చి మాటలాడుమని నన్ను కోరిన కార్యకర్తలకు ముందుగా నా కృతజ్ఞత. ఈ విషయమునకు గ్రంథాలయములో చోటేమని మీలో కొందరికి తోచవచ్చును. నేను చెప్పబోవున దంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. పాత యంత్రమును బాగుచేయ బూనినవాడు మొదట చదువరి కావలెను. ఆ పిమ్మటనే పనివాడు కావలెను. ఈ వరుస తప్పినచోట యంత్రము చెడును. ఒక్కొక్కప్పుడు మనుష్యుని వ్రేళ్లు కూడ పోవును.

బాడిస, ఉలి, రంపము, చిత్రిక మన వడ్రంగులకు తరతరములుగా వచ్చిన చేతి పనిముట్లు. కొయ్యను త్రిప్పుచు చెక్కు తరిమెన కూడ మనకు కొత్తది కాదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి, లక్క పూసి చేయు బొమ్మలను ఎరుగని వారు అరుదు. కాని నేడు నేను చెప్పదలచినవి పోత ఇనుముతో చేయబడి, ఆవిరితోనో విద్యుత్తుతోనో నడచు యంత్రములు. చక్ర రంపము, పట్టీ రంపము, చిత్రిక యంత్రము మొదలగునవి ఈ తెగకు చెందినవి.

వీని చరిత్రలో ఇంగ్లాండు దేశపు పోర్ట్సుమత్ నౌకాశ్రయము ముఖ్యమైన స్థలము. తెరచాపల త్రాళ్లను లాగుటకు ఓడలకు మన బావి గిలకల వంటి కొయ్య కప్పీలు కావలసియుండెను. ఒక పెద్ద యుద్ధనౌకకు సుమారు వేయి కప్పీలు పట్టెడివి. పందొమ్మిదవ శతాబ్ది తొలి సంవత్సరములలో మార్క్ బ్రునెల్ అను ఇంజనీరు ఆ కప్పీలను వరుసగా చేయు యంత్రములను కల్పించెను. హెన్రీ మాడ్స్‌లే అను లోహకారుడు వానిని ఇనుముతో నిర్మించెను. 110 మంది చేయుచుండిన పనిని పదిమంది చేయగలిగిరి. 1808వ సంవత్సరములో అచ్చట 1,30,000 కప్పీలు తయారైనవి. ఆ యంత్రములలో కొన్ని నూరేండ్లకు పైగా పనిచేసి, నేడు లండను నగరపు విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉన్నవి. చక్కగా చేసి, చక్కగా చూచుకొన్న యంత్రము మనుష్యుని ఆయుర్దాయమును మించి బ్రతుకునని దీనివలన తెలియుచున్నది.

ఆ మాడ్స్‌లే కర్మశాలలో పనిచేసినవారిలో జోసెఫ్ విట్‌వర్త్ ఒకడు. ఒక పలక నిజముగా సమతలమైనదో కాదో తెలిసికొనుట యెట్లు? రెండు పలకలు మాత్రమే యున్నచో ఒకటి గుంటగాను, రెండవది ఉబ్బుగాను ఉండి కూడ అవి చక్కగా అతుకవచ్చును. మూడవ పలకను చేర్చి, ఏ రెండింటినైనను మార్చి మార్చి అతికించి చూచినచో ఆ మోసము నిలువదు. పలకకు రంగు పూసి అతికించినపుడు రంగంటిన మిట్టలను కొంచెము కొంచెముగా గీకుచు పోవలెను. మూడును సమతలములైన నాడే ఏ రెండైనను అతుకును. ఈ విధానమును విట్‌వర్త్ 1840లో పండితుల సభయందు వివరించెను. యంత్రమును బాగుచేయు విద్యకు ఇదియే పునాది. కంటికి తిన్నగా కనబడుట వేరు, తిన్నగా నుండుట వేరు. పరీక్షించిన పిమ్మటనే నమ్మవలెను.

తరువాతి కాలమున ఈ యంత్రములను చేయు సంస్థలు పెక్కు వెలసినవి. ఇంగ్లాండులో లెస్టర్ నగరమున 1897లో వాడ్కిన్ సంస్థ ఆరంభమైనది. అమెరికాలో మిల్వాకీ నగరమున 1919లో ఆరంభమైన డెల్టా సంస్థ, ఇంటిలో తమ పని తాము చేసికొనువారికై చిన్న యంత్రములను కూడ తయారుచేసెను. 1939లో అది వెలువరించిన యూనీసా అను రంపపు బల్లలో, పని బల్లను కదలింపక రంపమునే ఏటవాలుగా వంచవచ్చును. కర్మాగారములు మూతపడినప్పుడో, కొత్త యంత్రములు వచ్చినప్పుడో ఇట్టివి పాత ఇనుము ధరకు అమ్ముడు పోవుచుండును. ఆ దేశములలో ఉద్యోగులు, ఉపాధ్యాయులు, విశ్రాంతి పొందిన పెద్దలు వానిని కొని, ఇంటి ప్రక్కనున్న మోటారు కొట్టమున నుంచి, సాయంకాలములందు బాగుచేసికొనుచున్నారు. ఇది వారికి వినోదము. అంతకు మించి విద్య.

పాత యంత్రముపై ఇంత శ్రమ యేల యని అడుగవచ్చును. పోత ఇనుము బరువైనది. కంపమును తనలో అణచుకొనును. కంపము తగ్గిన కొలది కోత నునుపుగా వచ్చును. అందులో అరిగెడి భాగములు ముఖ్యముగా బేరింగులు, బెల్టులు, కత్తులు. వీనిని మార్చవచ్చును. కాని ముఖ్యమైన పోత భాగము పగిలినచో అతుకుట కష్టము. అతికినను నమ్మకము చాలదు. కనుక కొనుటకు ముందు తుప్పును చూచి భయపడ నక్కరలేదు, పగులును చూచి భయపడవలెను.

యంత్రము ఇంటికి వచ్చిన నాడు స్పానరు పట్టుకొనరాదు. కాగితము, కలము పట్టుకొనవలెను. యంత్రముపై బిగించిన రేకు పలకను తుడిచి, సంస్థ పేరు, సంఖ్య, వేగము వ్రాసికొనవలెను. పోతలోనే ఉబ్బెత్తుగా అచ్చు వేయబడిన సంఖ్యలుండును. అవి ఏ భాగము ఏ యంత్రమునకు చెందినదో చెప్పును. విప్పు ప్రతి భాగమునకును ముందుగా ఛాయాచిత్రము తీయవలెను. ఒక్కొక్క భాగపు మరలను ఒక్కొక్క డబ్బాలో నుంచి, పైన చీటి అంటింపవలెను. ఆ యంత్రముతో వచ్చిన చిన్న పుస్తకము దొరికినచో అది యంత్రమంత విలువైనది. యంత్రము ఇనుము గనుక నిలిచినది. పుస్తకము కాగితము గనుక చెదల పాలైనది. పెక్కు చోట్ల జరిగిన నష్ట మిదియే.

చదువుట యెంత మేలు చేయునో బేరింగు దృష్టాంతముగా చెప్పెదను. గుండ్ల బేరింగు అంచున ఒక సంఖ్య చెక్కియుండును. 6203 అని యున్నచో దాని లోపలి రంధ్రము 17 మిల్లీమీటర్లు, వెలుపలి వ్యాసము 40, మందము 12. ఏ దేశములో చేసినను కొలత ఇదియే. కావున ఎనుబది యేండ్ల నాటి యంత్రమునకు కూడ పట్నములోని దుకాణమున అర్ధగంటలో బేరింగు దొరకవచ్చును. ఆ సంఖ్య చదువనివాడు భాగము దొరకదని యంత్రమును పాత ఇనుము వర్తకునికి అప్పగించును.

ఇంకను పాతవైన యంత్రములలో గుండ్లుండవు. ఇరుసు చుట్టును మెత్తని లోహము కరగించి పోసియుందురు. ఇది 1839లో ఐజాక్ బాబిట్ అను అమెరికా దేశీయుడు కనిపెట్టినది. దానిలో తగరము హెచ్చు, అంటిమొని, రాగి కొద్ది. దీనిని మరల పోయవచ్చును. కాని అచ్చులో తడి యొక చుక్క యున్నను, కరగిన లోహము పైకి చిమ్మి ముఖమును కాల్చును. అచ్చును ముందుగా వెచ్చచేసి తడి నంతయు పోగొట్టవలెను. కన్నులకు, చేతులకు రక్షణ లేక ఆ పనికి దిగరాదు.

ఇక తుప్పు మాట. ఇత్తడి చెంబును చింతపండుతో తోముట మన యిండ్లలో అందరు ఎరిగినదే. చిన్న ఇనుప భాగములను నిమ్మఉప్పు కలిపిన నీటిలో నానవేసినను అట్లే తుప్పు వదలును. పెద్ద భాగములకు మరియొక మార్గము కలదు. ప్లాస్టిక్ తొట్టిలో చాకలి సోడా కలిపిన నీరు పోసి, బ్యాటరీకి విద్యుత్తు ఎక్కించు పరికరముయొక్క ఋణ తీగను తుప్పు పట్టిన భాగమునకు, ధన తీగను మామూలు ఇనుప రేకునకు తగిలింపవలెను. రేకును భాగమును ఒకదాని నొకటి తాకరాదు. విద్యుత్తు ప్రసరించిన కొలది తుప్పు వదులై, పిమ్మట తోమగానే ఊడిపోవును. ఇందు మూడు హెచ్చరికలు. ధన తీగకు స్టెయిన్‌లెస్ స్టీలు కట్టరాదు. దానినుండి విషపదార్థము నీటిలో చేరును. మండెడి వాయువు వెలువడును గనుక ఆరుబయటనే చేయవలెను, దగ్గర నిప్పుండరాదు. అల్యూమినియపు భాగములను అందులో వేయరాదు. సోడా వానిని తినివేయును.

పాత రంగు తీయునపుడు కూడ జాగ్రత్త వలెను. వెనుకటి రంగులలో సీసము కలిపెడివారు. పొడిగా గరుకు కాగితముతో రుద్దినచో ఆ దుమ్ము ఊపిరితో లోనికి పోవును. ఇంటి పసిపిల్లలకు అది మరింత హాని. తడిపి తీసి, తీసిన దానిని జాగ్రత్తగా ఎత్తివేయవలెను.

విద్యుత్తు విషయములో లెక్క తప్పనిసరి. అమెరికాలో విద్యుత్తు సెకనునకు 60 ఆవృత్తులు, ఇండ్లలో సుమారు 120 వోల్టులు. మన దేశమున 50 ఆవృత్తులు, 230 వోల్టులు. అచ్చటి 120 వోల్టుల మోటారును ఇచ్చట నేరుగా తగిలించినచో కాలిపోవును. అచ్చట నిమిషమునకు 1725 చుట్లు తిరుగు తరగతి మోటారు ఇచ్చట సుమారు 1440 చుట్లే తిరుగును. అప్పుడు బెల్టు చక్రముల పరిమాణమును మార్చి వేగమును సరిచేయవలెను. మోటారుపై 15 సెంటీమీటర్ల చక్రము, రంపపు ఇరుసుపై ఏడున్నర సెంటీమీటర్ల చక్రము ఉన్నచో రంపము 2880 చుట్లు తిరుగును. రంపము వ్యాసము 25 సెంటీమీటర్లైన, దాని పంటి వేగము సెకనునకు సుమారు 38 మీటర్లు. అనగా గంటకు 135 కిలోమీటర్లకు పైగా. ఈ యొక్క లెక్క చాలును, ఆ యంత్రము ముందు మన చేయి ఎక్కడ నుండరాదో తెలిసికొనుటకు.

ఇచ్చటనే నా ముఖ్యమైన మనవి. పాత యంత్రమును యథాతథముగ నిలుపవలెనను కోరిక మంచిదే. కాని అందులో నిలుపరానివి కొన్ని కలవు. వెనుకటి చిత్రిక యంత్రములలో కత్తులను నలుచదరపు దిమ్మకు బిగించెడివారు. దిమ్మకును బల్లకును నడుమ విశాలమైన సందు ఏర్పడును. జారిన చేతిని ఆ సందు లోనికి లాగుకొనును. గుండ్రని దిమ్మ వచ్చిన పిమ్మట ఆ సందు చిన్నదై, గాయము తీవ్రత తగ్గినది. కనుక నలుచదరపు దిమ్మను అలమరలో దాచి చూపుడు. పనికి మాత్రము వాడకుడు. చక్ర రంపమునకు వెనుక నుండు చీలిక పలకను, పైనుండు మూతను అడ్డమని తీసివేయువారున్నారు. కోసిన కొయ్య రంపమును నొక్కి, వెనుకకు ఎగిరి మనిషిని కొట్టకుండ ఆపునది ఆ చీలిక పలకయే. బెల్టులకు తడిక కట్టవలెను. సానచక్రమును బిగించుటకు ముందు, కుండను కొనునపుడు తట్టి చూచినట్లు, వ్రేలాడదీసి కొయ్యతో తట్టవలెను. ఖంగున మ్రోగక బొంగురుగా పలికినచో అది పగిలినది, పారవేయవలెను. పంచె కొంగు, ఉత్తరీయము, చేతి తొడుగు తిరుగు యంత్రము దగ్గరకు రారాదు. కొయ్య పొట్టు సంగతియు మరువరాదు. కొయ్యదుమ్ము మనుష్యులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో నిర్ణయించినది. ముక్కునకు గుడ్డ కట్టుట చాలదు. దుమ్మును పుట్టిన చోటనే లాగివేయు ఏర్పాటు వలెను.

ఇన్నియు విని, ఇది మనవంటి పల్లెటూరివారికి అందు పని కాదని నిరాశ చెందవలదు. ఉక్కు బద్ద నొకదానిని బల్లపై నిలిపి, క్రింద వెలుతురు దూరుచున్నదేమో చూచుటకు ధనము అక్కరలేదు. ఓర్పు కావలెను, చదువు కావలెను. మన ఊళ్లలోని వడ్రంగి యువకులకు చేతి నేర్పు పుట్టుకతోనే అబ్బినట్లుండును; వారికి లేనిది యంత్రమును గూర్చిన పుస్తకము. ఆ లోటు తీర్చగలది గ్రంథాలయమే.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ఒక చిన్న పనిని ప్రతిపాదించుచున్నాను. ఈ ఊరిలోను, చుట్టుప్రక్కల ఊళ్లలోను ఉన్న రంపపు మిల్లులకు, వడ్రంగి కొట్టములకు పోయి, ప్రతి యంత్రము పేరు, సంఖ్య, బేరింగు సంఖ్యలు ఒక పుస్తకములో వ్రాయింపుడు. ఎవరి యింట పాత వివరణ పుస్తకమున్నను అడిగి, ప్రతి తీసి ఇచ్చట భద్రపరుపుడు. పెద్ద వడ్రంగులు చెప్పు మెలకువలను, వారి వారి మాటలలోనే, వ్రాసి ఉంచుడు. నవలల ప్రక్కన ఆ పుస్తకమును నిలుపుటకు సంకోచింప నక్కరలేదు. ఒక యువకుడు దానిని చదివి తన పది వ్రేళ్లతో పని ముగించుకొని ఇంటికి చేరినచో, అలమరలో దానికి చోటిచ్చినందుకు ఫలితము దక్కినట్లే.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ ఇట్లే జరుపుకొనుగాక!