పిల్లలకు డ్రోను కొనియీయదగునా?
(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



నేడు నన్ను మాటలాడుమని కోరిన విషయము చూచుటకు చిన్నది. కాని మీలో పలువురి యిండ్లలో అది కొంతకాలముగా పెద్ద తగవై యున్నది. డ్రోను కొనిపెట్టుడని పిల్లలు పట్టుపట్టుచున్నారు. రెండు మూడు వేల రూపాయలు గాలిలో కలిపివేయుదుమా యని పెద్దలు వెనుకాడుచున్నారు. నెల జీతముతో సంసారము నడుపువారికి ఆ మొత్తము స్వల్పము కాదు. పిల్లల కుతూహలమును త్రోసిపుచ్చదగినది కాదు. కావున ఉభయపక్షములను విచారింతము.

ముందుగా, ఆ ధరకు మనకు లభించునది యేమి? నాలుగు రెక్కలు, నాలుగు చిన్న మోటారులు, ఒక బ్యాటరీ, ఒక రిమోటు. అది సాధారణముగా ఐదు మొదలు పది నిమిషములు మాత్రమే యెగురును. పిమ్మట చాలసేపు చార్జింగు పెట్టవలెను. ఖరీదైన డ్రోనులు ఉపగ్రహ సంకేతముల నందుకొని ఒకచోట కదలక నిలువగలవు. చౌకవానిలో చాలవరకు ఆ సాధన ముండదు. కొంచెము గాలి వీచినచో ప్రక్కింటి డాబాపైకి పోవును. వాని కెమెరాలు మసక చిత్రములనే యిచ్చును. పెట్టెపైని బొమ్మను చూచి, పెండ్లి వేడుకలను ఆకాశమునుండి తీయవచ్చునని మురిసి కొన్నచో, వారము తిరుగకమున్నే అది అటక యెక్కును.

అట్లయిన కొనరాదా? చిత్రముల కొరకైన కొనరాదు. చదువు కొరకైన కొనదగును. ఇది నా యభిప్రాయము.

ఆ చిన్న యంత్రమున ఎంత శాస్త్ర మిమిడియున్నదో చూడుడు. దాని రెక్కలలో రెండు గడియారపు ముల్లు తిరుగు దిశను, రెండు అందుకు ఎదురుదిశను తిరుగును. నాలుగును ఒకే దిశను తిరిగినచో యంత్రమే బొంగరమువలె ఎదురుదిశను గిరగిర తిరిగిపోవును. రెక్కలు గాలిని క్రిందికి నెట్టును. గాలి రెక్కలను పైకి నెట్టును. 1687లో న్యూటను ప్రకటించిన మూడవ సూత్ర మిదియే. వెనుక రెక్కల వేగము హెచ్చినచో యంత్రము ముందునకు వంగి ముందునకే సాగును. ఒరుగుటను కనిపెట్టు గైరోస్కోపు అను సూక్ష్మసాధనము లోపల నుండి, క్షణక్షణమును తూకము సరిచేయుటకు తోడ్పడును. బట్టీపట్టిన సూత్రము కన్నులయెదుట నెగురుచుండగా ఏ బాలిక మరచిపోవును?

నేర్చుకొనునపుడు అది పడక తప్పదు. రెక్క విరుగక తప్పదు. క్రొత్త రెక్కను తారుమారుగా బిగించినచో యంత్రము పైకి లేవక బోర్లపడును. అది ఎందుకు లేవలేదో యోచించుటయే అసలు పాఠము. చౌకదానిలోని మే లిక్కడనే యున్నది. పదివేలు పోసి కొన్నదానిని తండ్రి బీరువాలో దాచును; రెండువేల దానిని పిల్లల చేతి కిచ్చును. కాని విడి రెక్కలు, బ్యాటరీలు దొరకునో లేదో అడిగి తెలిసికొనిన పిమ్మటనే కొనుడు.

ఇక జాగ్రత్తలు. రెక్కల చుట్టును కాపుచట్ర మున్నదానినే యెన్నుకొనుడు. తిరుగు రెక్క కంటికి తగిలినచో కలుగు హాని తీర్చరానిది. డాబాపై నుండి యెగురవేయనీయకుడు. పిల్లల చూపు పైననే యుండును, అడుగు అంచు దాటును. లిథియము బ్యాటరీని రాత్రియంతయు చార్జింగున నుంచరాదు. ఉబ్బినదానిని మరల వాడరాదు.

చట్టమును కూడ మరువరాదు. 2021 ఆగస్టులో మన ప్రభుత్వము డ్రోను నియమావళిని ప్రకటించినది. 250 గ్రాములకు మించనివి నానో తరగతికి చెందును. వానిని నడుపుటకు పైలటు లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రమున ఆకాశము మన పెరడు కాదు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలములని దానిని విభజించినారు. ఎరుపు మండలమున కేంద్రప్రభుత్వపు అనుమతి లేక యెగురవేయరాదు. మన హోసూరు ప్రక్కనే బెళగొండపల్లి వద్ద విమానములు దిగు స్థలము కలదు. బెంగళూరు విమానస్థావరములును దూరము కావు. కనుక డిజిటల్ స్కై పటమును చూడక ఏ మైదానమునను ఎగురవేయరాదు.

ఇది వట్టి ఆట యనుకొనకుడు. పొలములకు మందు చల్లుట మొదలగు పనుల కొరకు 15,000 మహిళా సంఘములకు డ్రోనుల నిచ్చు పథకమును కేంద్రప్రభుత్వము 2023లో ఆమోదించినది. పదవ తరగతి యుత్తీర్ణులై 18 ఏండ్లు నిండినవారు శిక్షణ పొంది రిమోటు పైలటు ధ్రువపత్రమును పొందవచ్చును. నేటి ఆటబొమ్మ రేపటి జీవనోపాధికి తొలిమెట్టు కావచ్చును.

తుదకు నా మనవి. ఇంటి కొకటి కొననక్కరలేదు. నాలుగు కుటుంబములు కలిసి ఒకటి కొన్నను చాలును. భారము తగ్గును, వంతుకై వేచియుండుటయు పిల్లల కలవడును. మన పిల్లలు వీధిలో ఒక భాషను, బడిలో మరియొక భాషను, ఇంట తెలుగును వాడుచున్నారు. శాస్త్రము తెలుగున పలుకదని కొందరి భయము. నెల గడచిన పిమ్మట మీ పిల్లను పిలిచి, ఇది పైకెట్లు లేచునో అమ్మమ్మకు చెప్పుమని యడుగుడు. ఆమెకు బోధపడునట్లు మన మాటలలో చెప్పగలిగెనా, మీ రూపాయలు వడ్డీతో తిరిగి వచ్చినట్లే. చెప్పలేకపోయినచో మరల ఆ యంత్రమును విప్పించి చూపింపుడు.