డబుల్ క్లిక్ చేస్తే నడుస్తుంది, రాత్రి నడవదు: సిస్టమ్ అకౌంట్ కింద కమాండ్లు

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న బ్యాచ్ ఫైల్ గురించి మాట్లాడుకుందాం. దాంట్లో ఉన్నవి రెండే లైన్లు. రాసింది నేనే, తప్పు కూడా నాదే. అందుకే చెప్తున్నా.

ఉస్మాన్‌గంజ్ తెలియనివాళ్ల కోసం ఒక మాట. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్తుంటే, బేగంబజార్‌కు దగ్గర్లో ఉండే టోకు మార్కెట్ అది. పొద్దున్నుంచే ట్రాలీ ఆటోలు, బస్తాలు మోసే హమాలీలు, బండి పెట్టుకోవడానికి జాగా ఉండదు. అక్కడ ఒక దుకాణానికి నేను కంప్యూటర్ పనులు చూసేవాణ్ణి. కింద కౌంటర్ దగ్గర బిల్లింగ్ కంప్యూటర్. మేడమీద గదిలో ఇంకో పాత కంప్యూటర్, దాంట్లో షేర్ చేసిన ఫోల్డర్. కింది మెషీన్‌లో ఆ ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్‌గా పెట్టాను. రోజూ రాత్రి 11 గంటలకు అకౌంట్ల డేటా జెడ్‌లోకి కాపీ కావాలి.

కాపీకి రోబోకాపీ వాడాను. డబుల్ క్లిక్ చేసి చూశాను, చక్కగా కాపీ అయింది. తర్వాత టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. సేఠ్ పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా టాస్క్ ఆగిపోకూడదని, సిస్టమ్ అకౌంట్ కింద నడిచేలా పెట్టాను. సిస్టమ్ అంటే ఆ మెషీన్‌లో అన్ని హక్కులూ ఉన్న అకౌంట్ కదా, ఇంక అడ్డేముంటుంది అనుకున్నా.

మూడు నెలల తర్వాత ఒకరోజు పొద్దున బిల్లింగ్ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది. మేడమీద కంప్యూటర్ తెరిచి చూస్తే, ఫోల్డర్‌లో ఉన్నది నేను డబుల్ క్లిక్ చేసిన రోజు కాపీ ఒక్కటే. ఎవరెవరు ఎంత బాకీ ఉన్నారో, ఎవరికి ఎంత ఇవ్వాలో, మూడు నెలల లెక్క లేదు. నేను నెలకోసారి వెళ్లి షెడ్యూలర్ చూసేవాణ్ణి, ఫలితం ఎప్పుడూ సున్నా, అంటే సక్సెస్. ఆ మాటే గుమాస్తా పెద్దాయనతో అన్నాను. ఆయన ఒకటే అడిగారు: "తమ్మీ, అయిందని మిషన్ చెప్తే నమ్మినవా, పైకి పోయి కాపీ చూసినవా?" నా దగ్గర జవాబు లేదు. కార్బన్ బిల్లు పుస్తకాలు ఉండబట్టి బతికిపోయాం. ఆయన చదువుతుంటే నేను ఎక్కిస్తూ, రోజూ రాత్రిళ్లు కూర్చున్నాం.

ఇప్పుడు అసలు విషయం. డబుల్ క్లిక్ చేసినప్పుడు పని చేసింది, రాత్రి ఎందుకు చేయలేదు? కొత్త డిస్క్ వేశాక, జెడ్ డ్రైవ్ మళ్లీ పెట్టి, అదే పరిస్థితిని నా కళ్లముందు తెచ్చుకున్నాను. దానికి వాడింది పీఎస్‌ఎగ్జెక్. మార్క్ రుసినోవిచ్ రాసిన సిస్‌ఇంటర్నల్స్ టూల్స్‌లో ఒకటి. ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 2006లో కొన్నది, టూల్స్ ఇప్పటికీ ఉచితమే. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పీఎస్‌ఎగ్జెక్, మైనస్ ఎస్, మైనస్ ఐ, సీఎండీ అని కొట్టండి. మైనస్ ఎస్ అంటే సిస్టమ్ అకౌంట్ కింద నడుపు అని. మైనస్ ఐ అంటే ఆ కిటికీ నా తెరమీద చూపించు అని. ఇంకో నల్ల కిటికీ తెరుచుకుంటుంది. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, కానీ దాంట్లో కూర్చున్నది మీరు కాదు.

ఇక్కడే "యాక్సెస్ ఈజ్ డినైడ్" వస్తే, చాలావరకు మామూలు ప్రాంప్ట్‌లో కొట్టినట్టే. ఈ టూల్ ముందు పీఎస్‌ఎగ్జీ‌ఎస్‌వీసీ అనే చిన్న సర్వీసును పెట్టుకుని పని చేస్తుంది. సర్వీసు పెట్టాలంటే అడ్మిన్ హక్కు కావాలి. యాంటీవైరస్ ఆపేసినా ఆశ్చర్యపోకండి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా దాడి ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి పాకడానికి వాడిన దారుల్లో ఈ టూల్ కూడా ఒకటి. పని అయ్యాక మెషీన్‌లోంచి తీసేయండి.

ఆ కొత్త కిటికీలో నేను వరసగా నాలుగు చూశాను. మీరూ ఇదే వరస పట్టండి.

మొదటిది, హూయామ్‌ఐ. "ఎన్‌టీ అథారిటీ, సిస్టమ్" అని రావాలి. రాకపోతే మిగతా పరీక్షలకు అర్థం లేదు.

రెండోది, నెట్ యూజ్. నా కిటికీలో జెడ్ కనిపించింది, ఈ కిటికీలో జాబితా ఖాళీ. డ్రైవ్ అక్షరం మెషీన్‌ది కాదండీ, లాగిన్ అయిన మనిషిది. మీ ఫోన్‌లో "గోడౌన్" అని సేవ్ చేసుకున్న నంబర్ మీకే తెలుస్తుంది. చౌకీదారు దగ్గర బిల్డింగ్‌లోని అన్ని గదుల తాళాలూ ఉండొచ్చు, మీ ఫోన్‌లో ఉన్న నంబర్ మాత్రం ఆయనకు తెలీదు. జెడ్ వదిలేసి, రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాయాలి.

మూడోది, ఆ పూర్తి దారి. అదీ రాశాను, అప్పుడు "యాక్సెస్ ఈజ్ డినైడ్". సిస్టమ్ తన ఇంట్లోనే రాజు. గడప దాటి నెట్‌వర్క్‌లోకి వెళ్తే, డొమైన్ ఉన్న ఆఫీసుల్లో కంప్యూటర్ పేరుమీద వెళ్తుంది, ఆ పేరుకు అనుమతి ఇవ్వొచ్చు. మన దుకాణాల్లో డొమైన్ ఉండదు. మేడమీద కంప్యూటర్‌కు ఈయన ఎవరో తెలీదు.

నాలుగోది, సెట్ కమాండ్. ఈ అకౌంట్‌కు టెంప్ ఫోల్డర్ వేరు, యూజర్ ఫోల్డర్ వేరు. మీ డెస్క్‌టాప్ దీనికి లేదు. పీఎస్‌ఎగ్జెక్ తెరిచిన కిటికీ సిస్టమ్ 32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. బ్యాచ్ ఫైల్‌లో ఉత్త ఫైల్ పేరు రాస్తే అక్కడ వెతుక్కుంటుంది. ప్రతిదానికీ పూర్తి దారి రాయండి.

ఇంకో ఇబ్బంది, కొందరికి టాస్క్ ఆగిపోకుండా "రన్నింగ్" అనే చూపిస్తూ ఉంటుంది. విస్టా నుంచి సర్వీసులు నడిచేది సెషన్ సున్నాలో, అది మీ తెర కాదు. అక్కడ ప్రోగ్రామ్ "ఓకే నొక్కండి" అని పెట్టె చూపిస్తే నొక్కేవాళ్లెవరూ ఉండరు. సిస్‌ఇంటర్నల్స్ టూల్స్ కూడా ప్రతి అకౌంట్ కింద మొదటిసారి లైసెన్స్ ఒప్పుకోమని అడుగుతాయి. అందుకే యాక్సెప్ట్ యూలా అనే స్విచ్ జత చేయాలి.

మరి సున్నా ఎందుకు వచ్చింది? రోబోకాపీ ఫైళ్లు కాపీ చేస్తే 1 ఇస్తుంది, అది మంచి ఫలితమే. 8, అంతకంటే ఎక్కువ వస్తేనే తప్పు. షెడ్యూలర్‌లో 1 కనిపిస్తే సేఠ్ కంగారు పడతారని, చివరి లైన్‌లో ఎగ్జిట్, స్లాష్ బీ, సున్నా అని రాశాను. కాబట్టి 1 కూడా సున్నా అయింది, జెడ్ దొరక్క వచ్చిన 16 కూడా సున్నా అయింది. కంగారు తప్పించబోయి కబురే తప్పించాను. ఇప్పుడైతే ఫలితం 8 కంటే తక్కువైతేనే సున్నా, లేకపోతే వచ్చిన అంకెను అలాగే బయటికి పంపిస్తున్నా.

చివరికి పరిష్కారం ఏంటంటే, సిస్టమ్‌ని మానేశాను. రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కోసం వేరే అకౌంట్ పెట్టాను. అకౌంట్ల ఫోల్డర్ చదవడం, మేడమీద ఫోల్డర్‌లో రాయడం, ఈ రెండే దాని హక్కులు. అడ్మిన్ కాదు కాబట్టి "లాగాన్ యాజ్ ఎ బ్యాచ్ జాబ్" అనే హక్కు విడిగా ఇవ్వాల్సి వచ్చింది. బ్యాచ్ ఫైల్‌ని కూడా సీ డ్రైవ్‌లో నేను పెట్టిన ఫోల్డర్ నుంచి ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి మార్చాను. సీ డ్రైవ్‌లో కొత్తగా చేసిన ఫోల్డర్‌లో మామూలు యూజర్ కూడా ఫైల్ మార్చొచ్చు. అది సిస్టమ్ కింద నడుస్తుంటే, కౌంటర్ దగ్గర కూర్చున్న ఎవరైనా ఒక లైన్ కలిపి మెషీన్ మొత్తం చేతిలోకి తీసుకోవచ్చు.

లినక్స్ వాడేవాళ్లకూ ఇదే కథ. మీ టెర్మినల్‌లో నడిచిన స్క్రిప్ట్ క్రాన్‌లో నడవదు, ఎందుకంటే క్రాన్‌కు తెలిసిన పాత్ చాలా చిన్నది. సుడో, మైనస్ యూ, సర్వీస్ అకౌంట్ పేరు, ఆ పక్కన మీ కమాండ్. ముందు అలా నడిపి చూడండి.

కాబట్టి కమాండ్ రాత్రి నడవకపోతే, ఇంకాస్త పెద్ద హక్కు ఇద్దాం అని తొందరపడకండి. రాత్రి దాన్ని ఎవరు నడుపుతున్నారు, వాళ్లకు ఏది కనిపిస్తుంది అని చూడండి. సక్సెస్ అని వచ్చినా సరే, నెలకోసారి ఆ కాపీలోంచి ఒక ఫైల్ వెనక్కి తీసి, తెరిచి, నిన్నటి బిల్లు అందులో ఉందో లేదో చూడండి. ఉస్మాన్‌గంజ్ వెళ్లినప్పుడు నేను ముందు మేడ ఎక్కి ఆ పని చేసి, ఆ తర్వాతే కిందికొచ్చి చాయ్ తాగుతున్నా.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే.