జీపు లాగుతుంది సరే, ఆగుతుందా?

(సంఘం శిక్షణ తరగతిలో ఒక చేపల చెరువు రైతు చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉపన్యాసాలు చెప్పేవాణ్ణి కాదు. పాత జీపుకి ట్రక్కు కట్టి మేత, పడవ, ఇంజను తోలుకోవడం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు కాబట్టి నిలబడ్డాను.

మనలో ట్రాక్టరు లేనివాళ్లే ఎక్కువ. చెరువు కౌలు కట్టేసరికే చేతిలో డబ్బులు అయిపోతాయి. ప్రతి ట్రిప్పుకీ ట్రాక్టరు కిరాయి ఎక్కడ పెడతాం? ఇంట్లో నాన్న హయాం నాటి జీపు ఉంటుంది, దానికే హుక్కు వెల్డింగ్ చేయించి ట్రక్కు తగిలిస్తాం. ‘ఫోర్ వీల్ డ్రైవ్ రా, కొండనైనా లాగుతుంది’ అంటాం. అది నిజమే, లాగడానికి ఢోకా లేదు. ప్రాణాలు పోయేది లాగేటప్పుడు కాదు, ఆపేటప్పుడు.

పాత సీజే 3బీ జీపుకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 80 అంగుళాలు. అంటే ఏడడుగులైనా లేదు. తర్వాత వచ్చిన ఎంఎం 540కి 91 అంగుళాలు. ఇంత పొట్టి బండి వెనక బరువైన ట్రక్కు ఊగడం మొదలెడితే జీపు తోక పట్టుకుని అటూ ఇటూ ఈడ్చేస్తుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కామంటే ట్రక్కు వచ్చి జీపుని పక్కకి మడతేస్తుంది. ఊగుడు మొదలైతే చెయ్యాల్సింది యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యడం, స్టీరింగు నిటారుగా పట్టుకోవడం, అంతే.

అసలు ఊగకుండా ఉండాలంటే బరువు పేర్చే చోటు చూసుకోవాలి. ట్రక్కూ సరుకూ కలిపి 800 కిలోలుంటే, అందులో 80 కిలోల దాకా హుక్కు మీద ఆనాలి. అంటే పదో వంతు. తక్కువైతే ఊగుతుంది, మరీ ఎక్కువైతే జీపు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. కొలవడం ఎలా అంటారా? ధాన్యం తూసే కాటా ఉంది కదా. ట్రక్కు మూతిని జీపు హుక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో దిమ్మ పెట్టి కాటా మీద ఆనించండి, దిమ్మ బరువు తీసెయ్యండి. ఐదు నిమిషాల పని.

పడవ సంగతి వేరు. మేత చల్లే పడవ అడుగున వాన నీళ్లు నిలిచే ఉంటాయి. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పడవలో రెండంగుళాల నీళ్లంటే దాదాపు 180 లీటర్లు, అంటే 180 కిలోలు. గట్టు ఎక్కుతుంటే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి పోతాయి, హుక్కు పైకి లేస్తుంది. తోడిపారేశాకే కదలండి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కొన్నేళ్ల కిందట పడవ దింపుదామని జీపుని వెనక్కి చెరువు వాలులోకి దించాను. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు న్యూట్రల్ చేసి దిగాను. మా చెరువు కాపలా కుర్రాడు హుక్కు దగ్గర పిన్ను తీస్తున్నాడు. జీపు మెల్లగా జారింది. కాలు ఇరుక్కుని విరిగింది. ఆరు నెలలు మంచంలో ఉన్నాడు. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు.

హ్యాండ్ బ్రేకు బాగానే ఉంది, తీగ తెగలేదు. మరెందుకు జారింది? ఆ పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలకుండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఒక డ్రమ్ముకి ఉంటుంది. అది షాఫ్టుని పట్టుకుంటుంది గానీ చక్రాన్ని కాదు. వెనక చక్రాల్లో ఒకటి నాచు మీదో బురదలోనో పట్టు తప్పితే, డిఫరెన్షియల్ వల్ల ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిరిగి బండి జారిపోతుంది. ముప్ఫై ఏళ్లు తోలిన నాకు ఆ సంగతి ఆ రోజు దాకా తెలీదు. మీరు ఇంటికెళ్లాక బండి కిందకి దూరి మీ డ్రమ్ము ఎక్కడుందో చూసుకోండి.

వాలులో ఆపితే ఇంజను ఆపి, ఫోర్ వీల్ లో వేసి, మొదటి గేరులో పెట్టండి. చిన్న లివరు న్యూట్రల్‌లో ఉంటే మాత్రం గేరు వేసినా లాభం లేదు. చక్రాలకి కర్ర దిమ్మలు పెట్టాకే మనిషిని వెనక్కి పంపండి. తారు రోడ్డెక్కగానే ఫోర్ వీల్ తీసెయ్యాలి, లేదంటే మలుపుల్లో షాఫ్టులు బిగుసుకుని ఏదో ఒకటి విరుగుతుంది. నీళ్లలోంచి వచ్చిన డ్రమ్ము బ్రేకులు తడిసి పట్టవు. కాసేపు మెల్లగా తొక్కుతూ ఆరబెట్టుకుని అప్పుడు వేగం పెంచండి. ఆ వేగం కూడా, 40 నుంచి 60కి పెంచితే బ్రేకు మీద పడే భారం రెట్టింపు దాటుతుంది. ట్రక్కుకి సొంత బ్రేకులుండవని మరవొద్దు. హుక్కు పిన్ను బదులు మేకు గుచ్చేవాళ్లకి నేను చెప్పేదేం లేదు, పక్కన ఒక గొలుసు కూడా కట్టుకోమంటాను.

ఇక కాగితాలు. నిబంధనల్లో వ్యవసాయ ట్రైలరంటే వ్యవసాయ ట్రాక్టరుకి తగిలించేదే. అదే ట్రక్కుని జీపుకి కడితే ఆ మాట వర్తించదు. ట్రైలరుకి విడిగా రిజిస్ట్రేషను కావాలని 1988 మోటారు వాహనాల చట్టం అంటుంది. 1994 సవరణతో సరుకు బండిలో సరుకు యజమానికీ అతని మనిషికీ బీమా రక్షణ వచ్చింది. ఊరికే ఎక్కినవాళ్లకి బీమా కంపెనీ కట్టక్కర్లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పట్టుబడికి కూలీలని ట్రక్కులో కూర్చోబెట్టి తీసుకెళ్తుంటే ఏదైనా జరిగితే ఆ పరిహారం మన పొలం అమ్మి కట్టాల్సిందే. ఆ కూలీ ఇంటికి మనం ఏం చెబుతాం? ఆటో ఛార్జీ మిగుల్చుకోవడానికి ఆ పని చెయ్యొద్దు.

అలాగని నేరమంతా రైతుదేనని ఒప్పుకోను. ట్రాక్టరు కొనలేనివాడు పాత బండితో నెట్టుకొస్తుంటే, రోడ్డు మీద పట్టుకుని చలానా రాసేవాళ్లున్నారు గానీ, నీ హుక్కు సరిగ్గా ఉందా అని చూసి చెప్పే మనిషి లేడు. మండలానికోసారి రవాణా శాఖ వచ్చి చిన్న ట్రైలర్లని తనిఖీ చేసి అక్కడికక్కడే రిజిస్టరు చెయ్యాలని మన సంఘం అడగాలి. ఆ తీర్మానం ఈ తరగతిలోనే పెడదామని కార్యదర్శిగారికి చెప్పాను. బయట చెట్టు కింద నా జీపు ఉంది. డ్రమ్ము ఎక్కడుంటుందో చూడాలనుకున్నవాళ్లు భోజనాలయ్యాక రండి, గోనె పట్టా కూడా తెచ్చాను.