ఊడ్చే ముందు ఫోటో తియ్యండి: తుపాను వెళ్ళాక ఇంట్లో మొదటి మూడు రోజులు

ఇది కోరుకొండ నుంచి ఇంకో ఎపిసోడ్. కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క మాట. నేను బీటెక్ చేసి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు సొంతూళ్ళో కూర్చుని ఈ వీడియోలు చేస్తున్నాను.

ఈ రోజు టాపిక్ తుపాను. తుపాను వచ్చే ముందు ఏం చెయ్యాలో అందరూ చెప్తారు. టీవీలో చెప్తారు, ఫోన్‌కి అలర్ట్ వస్తుంది, ఊళ్ళో మైకులో కూడా చెప్తారు. మరి గాలి ఆగిపోయి, తెల్లారి తలుపు తీసి వీధిలోకి చూశాక? అక్కడి నుంచి ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే ఈ వీడియో.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. గంటకి 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. మనది మెట్ట, సముద్రం దూరం, తుపాను అంటే కోనసీమ వాళ్ళ గొడవ అని మన వైపు ఒక ధైర్యం ఉంటుంది. కానీ తీరం దాటగానే తుపాను అయిపోదండీ. లోపలికి వచ్చేకొద్దీ గాలి తగ్గుతుంది గానీ, వాన మాత్రం రోజంతా కొడుతుంది. ఆ వానకి నానిన గోడలు, తెగిన వైర్లు, పాడైన నీళ్ళు, ఇవన్నీ తుపాను వెళ్ళాకే మన మీదకి వస్తాయి.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక అలవాటు ఉండేది. సర్వర్ పడిపోతే వెంటనే రీస్టార్ట్ చెయ్యం. ముందు లాగ్స్ తీసి దాచుకుంటాం. ఎందుకంటే రీస్టార్ట్ చేశాక అసలు ఏం జరిగిందో చూపించడానికి ఏమీ మిగలదు. ఇంటికి కూడా అంతే. మనం లేవగానే చీపురు పట్టుకుంటాం. బురద ఊడ్చేసి, విరిగినవి బయట పడేసి, సాయంత్రానికి ఇల్లు ఇల్లులా చేసేస్తాం. మంచిదే. కానీ దానికి ముందు రెండు పనులున్నాయి. మొదటిది కరెంటు, రెండోది ఫోటో. ఆ తర్వాతే చీపురు.

కరెంటు సంగతి చూద్దాం. నేల తడిగా ఉంటే, స్విచ్ బోర్డులోకి నీళ్ళు దిగితే, ముందు మెయిన్ ఆపెయ్యండి. మెయిన్ దగ్గరికి వెళ్ళాలంటేనే నీళ్ళలో నిలబడాలా? అయితే వెళ్ళొద్దు, 1912కి ఫోన్ చెయ్యండి. అది కరెంటు వాళ్ళ నంబరు. ఇంకో విషయం చాలామందికి తెలీదు. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్లలో కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్ కూడా ఆపాలి.

వీధిలో వైరు తెగి పడితే దాన్ని కర్రతో కూడా కదపొద్దు. దాని చుట్టూ ఉన్న తడి నేలలో కూడా కరెంటు పారుతుంది. పిల్లల్నీ, పశువుల్నీ అటు పోనివ్వకుండా ఒకరు దూరంగా నిలబడండి. అన్నిటికంటే ముఖ్యం, పెరట్లో బట్టలు ఆరేసుకునే ఇనప తీగ. కొమ్మ విరిగి సర్వీసు వైరు మీద పడిందనుకోండి, ఆ వైరు వెళ్ళి ఈ తీగకి తగిలిందనుకోండి, అమ్మ తడి బట్టలు పట్టుకుని వెళ్ళి ముట్టుకునేది దాన్నే. ఆ తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. ఈ వీడియోలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి గోడలు. మట్టి గోడల పెంకుటిళ్ళు మన వైపు ఇంకా చాలా ఉన్నాయి. గాలిలో నిలబడ్డ గోడ, నాని నాని, ఎండ వచ్చాక కూలుతుంది. గోడ ఉబ్బినా, కొత్త పగులు కనిపించినా, పునాది దగ్గర మట్టి కరిగినా ఆ రాత్రి ఆ గోడ పక్కన మంచం వెయ్యొద్దు. పెద్దవాళ్ళు ఏం కాదులే అంటారు. ఒప్పించి మంచం జరపండి, లేదా పక్కింట్లో పడుకోబెట్టండి.

ఇప్పుడు ఫోటోలు. మా వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. తుపానుకి ఆవిడ ఇంటి వెనక వైపు పెంకులు లేచిపోయాయి, వంటింటి గోడ సగం కూలింది. కొడుకులిద్దరూ రాజమండ్రి నుంచి పరుగున వచ్చి, ఒక్క రోజులో మట్టి ఎత్తి, రేకులు వేసి, టార్పాలిన్ కట్టేశారు. బంగారం లాంటి పిల్లలు. తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు అడిగారు, ఏం పడిపోయిందమ్మా అని. చూపించడానికి ఏముంది? రేకులు ఉన్నాయి, టార్పాలిన్ ఉంది. ఒక్క ఫోటో కూడా లేదు. మామ్మగారు చేతులు చాపి "ఇంత గోడండీ బాబూ" అని చూపిస్తుంటే, నాకు గొంతు పట్టేసింది.

లెక్క ఇలా ఉంటుంది. విపత్తు సాయం నిబంధనల్లో, పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికి సాయం రావాలంటే కనీసం 15 శాతం నష్టం కనిపించాలి. పంటకైతే 33 శాతం. రాసుకునేవాళ్ళు కళ్ళతో చూసింది రాస్తారు. వాళ్ళు వచ్చేసరికి మీరు బాగుచేసేస్తే, ఆ శాతం చూపించేది మీ ఫోనే.

ఎలా తియ్యాలి? ముందు ఇంటి బయట నాలుగు వైపులా, డోర్ నంబరు కనపడేలా. తర్వాత గది గదికీ ఒక దూరపు ఫోటో, ఒక దగ్గర ఫోటో. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చార ఉంటుంది, దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టి తియ్యండి. చివర్లో ఇల్లంతా ఆపకుండా ఒక వీడియో, ఏది ఏమిటో మీరే మాట్లాడుతూ. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో పెట్టండి. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, లోపల ఉండే తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫోటో డిలీట్ చెయ్యొద్దు.

మొత్తం అరగంట పని. అది మీ ఇంటితో ఆపకండి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్ళు మీ వీధిలో ఎవరున్నారో మీకు తెలుసు. వాళ్ళిళ్ళకీ వెళ్ళి తియ్యండి.

రైతుల ఇళ్ళ పిల్లలు ఇంకొకటి వినండి. ఫసల్ బీమాలో, కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుపానుకి తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలి అనే నిబంధన ఉంది. మీ పంటకి, మీ ఊరికి అది వర్తిస్తుందా లేదా అని రైతు సేవా కేంద్రంలో అదే రోజు అడగండి. నాన్న పొలంలో ఉంటే మీరు వెళ్ళండి.

బండి మునిగిందా? స్టార్ట్ చెయ్యొద్దు. ఇంజిన్లో నీళ్ళుంటే ఆ ఒక్క కిక్‌తో ఇంజిన్ పోతుంది. ఫోటో తీసి, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. థర్డ్ పార్టీ ఒక్కటే కట్టుంటే మాత్రం మీ బండికి ఏమీ రాదు.

సరే, ఇప్పుడు చీపురు పట్టుకోండి. కాళ్ళకి బూట్లు లేదా గట్టి చెప్పులు ఉండాలి. ముందు కర్రతో తట్టి, తర్వాతే చెయ్యి పెట్టండి. కట్టెల కింద, పెంకుల కింద, బూట్ల లోపల పాములు చేరతాయి. కరిస్తే గట్టిగా కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రం కోసం టైం పాడు చెయ్యొద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళాలి. పామును చంపి పట్టుకెళ్ళక్కర్లేదు.

తాగే నీళ్ళు మరిగించండి. బుడగలు బాగా తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం. బోరు, నుయ్యి మునిగితే శుభ్రం చేయించేదాకా ఆ నీళ్ళు తాగొద్దు. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచితే సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. ఆ తర్వాత పాలు, మాంసం, వండిన కూరలు పడెయ్యండి. బురద నీళ్ళలో తిరిగాక వారం, పది రోజుల్లో జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే, "నేను వరద నీళ్ళలో తిరిగాను" అని డాక్టరుకి మీ అంతట మీరే చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు ఒకటుంది. ఆ ఒక్క మాటతో డాక్టరు ఆ దిక్కుగా కూడా చూస్తారు.

ఇక ఫోన్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. కాబట్టి బ్యాటరీ పొదుపుగా వాడండి. రీల్స్ తర్వాత చూసుకోవచ్చు. కాల్ కలవకపోతే మెసేజ్ పెట్టండి, సిగ్నల్ సన్నగా ఉన్నా అది వెళ్తుంది. విపత్తు సమయంలో టెలికాం శాఖ ఒక్కోసారి ఇంట్రా సర్కిల్ రోమింగ్ తెరుస్తుంది. అంటే మీ కంపెనీ టవర్ పడిపోయినా పక్క కంపెనీ టవర్ మీద మాట్లాడొచ్చు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ని మాన్యువల్‌గా వెతికి చూడండి. పదో తరగతి మార్కుల మెమో, ఆధార్ లాంటివి ఈ రోజే డిజిలాకర్‌లో పెట్టుకోండి. బీరువా తడిసినా అవి తడవవు.

చివరిగా ఒక్క మాట. 1996 నవంబర్ 6 తుపాను గురించి మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. ఇప్పుడు హెచ్చరిక ముందే వస్తోంది, మనుషుల్ని ముందే తరలిస్తున్నారు. గాలి నుంచి బతికి బయటపడ్డ మనిషి, మర్నాడు తడి తీగ పట్టుకుని పోకూడదు. ఉన్న ఇల్లు పోగొట్టుకుని, అది పోయిందని నిరూపించలేక కూర్చోకూడదు. ఆ రెండూ మన చేతుల్లో ఉన్నవే.

ఈ వీడియో ఫోన్‌లో సేవ్ చేసుకోండి, నెట్ లేనప్పుడు పనికొస్తుంది. అమ్మకి, నాన్నకి కూర్చోబెట్టి చూపించండి. మీ పెరట్లో ఇనప తీగ ఉంటే, నైలాన్ తాడు కట్టాక కామెంట్‌లో "కట్టాను" అని రాయండి చాలు. ఉంటానండీ మరి.